ఆరు జింకల ముగ్గు: అరవయ్యో రోజు

పోయిన వారం సరోజను వంటింట్లో, చేతిలో గరిటెతో నిలబెట్టి వదిలాం. ఆమె అలా నిలబడిపోవడానికి కారణం చెప్పాలంటే రెండడుగులు వెనక్కి వెయ్యాలి.

అమెరికాలో, బెంటన్‌విల్ ఊళ్లో ఒక పెద్ద షాపులో, డోర్‌మ్యాట్లు పేర్చిన వరసలో, ఆమె ముగ్గు ఆమెకే ఎదురైంది. పదిహేను చుక్కలతో మొదలై ఎనిమిది దాకా వచ్చే సందు చుక్కల ముగ్గు. నడుమ తామరపువ్వు, చుట్టూ ఆరు జింకలు. అయిదు ముందుకు చూస్తుంటే ఆరోది మెడ తిప్పి వెనక్కి చూస్తుంటుంది. కింద ఎడమ మూల, వరసకు బయట, ఏ గీతా తాకని ఒంటరి చుక్క ఒకటి. అది దిష్టి చుక్క. పసిబిడ్డ బుగ్గన కాటుక పెట్టినట్టు ముగ్గుకూ ఒకటి పెట్టమని సరోజకు వాళ్లమ్మ నేర్పింది. నకలు తీసినవాళ్లకు అదేమిటో తెలియదు. తెలియక దాన్ని కూడా అచ్చు వేసేశారు.

డోర్‌మ్యాట్ తయారుచేసిన ఓక్‌హార్త్ హోమ్ కంపెనీ ఒప్పుకోలేదు. 2021 మార్చిలో మా ఆర్టిస్టు గీసిన బొమ్మ అని జవాబు రాసింది. సరోజ ఆ ముగ్గు వేసింది అంతకు ముందటి దసరాకి. లాయర్ నిధి రెండే రెండు అడిగింది. "ఆంటీ, తేదీ ఉన్న ఫొటో కావాలి. ఆ ముగ్గు మీ వాకిట్లోంచి వాళ్ల చేతికి ఎలా పోయిందో కూడా తెలియాలి."

ఫొటోకేం కరువు? రోజూ ముగ్గు వేసి, రోజూ ఫొటో తీసే మనిషి. తీరా వెతికితే ఒక్క ముగ్గూ కనబడలేదు. అప్పుడు ఆమె భర్త గౌరీశంకర్ చదువుతున్న పేపరు మడిచాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అవి నేనే తీసేశాను సరోజా," అన్నాడు.

శుక్రవారం, మధ్యాహ్నం మూడూ పది. అక్కడినుంచి ఇప్పుడు.

*

"ఏం తీసేశారు?"

"ముగ్గులు."

"ఎన్ని?"

"అన్నీ."

సరోజ స్టవ్ కట్టేసింది. సాంబారు రెండు బుడగలు వేసి ఆగిపోయింది.

"మరేం చేయమంటావు?" అన్నాడు గౌరీశంకర్. "పదేళ్ల కింద ఆ ఫోన్ కొన్నప్పుడు ఏమన్నారు? ఫొటోలు ఎన్ని పెట్టుకున్నా ఫ్రీ, జీవితాంతం మేమే దాస్తాం అన్నారు. ఇప్పుడేమో ఫ్రీ లేదు, నిండిపోయింది, నిండిపోయింది అని రోజూ మెయిలు. ఎర్రగీత చూపించి బెదిరింపు. ఒకేలా ఉన్న ఫొటోలు మూడు వేల ఆరొందలున్నాయి, తీసెయ్యనా అని అదే అడిగింది. అదే సిమెంటు, అదే టైము, అవే తెల్లగీతలు. సరే అన్నాను."

"మెషీన్‌కి ఒకేలా కనబడితే మీకూ ఒకేలా కనబడ్డాయా?"

గౌరీశంకర్ మడిచిన పేపరునే మళ్లీ మడిచాడు.

రాష్ట్ర రోడ్ల శాఖలో ముప్పయ్యేళ్లు ఇంజనీరుగా చేసిన మనిషి గౌరీశంకర్. పారేయడమన్నది ఆయన ఒంట్లో లేదు. 1983లో కొన్న ఫ్రిజ్ పోయి పాతికేళ్లయింది. దాని మాన్యువల్ మాత్రం గరాజ్‌లో ఫైల్లో ఉంది. అలాంటి మనిషి ఒక్క నొక్కుతో పదేళ్ల ముగ్గులు పారేశాడా? ఆ అనుమానం సరోజకు చిన్న ముల్లులా గుచ్చుకుంది. తీసి చూసుకునే తీరిక లేదు. భుజం మీద స్కూల్ బ్యాగ్‌తోనే మనవరాలు దియ పరుగెత్తుకొచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. గడపలోంచే అంతా వింది.

"తాతా, ఎప్పుడు డిలీట్ చేశావ్? డేట్ చెప్పు, డేట్."

"ఎందుకే?"

"ట్రాష్‌లో సిక్స్‌టీ డేస్ ఉంటాయి. ఆఫ్టర్ దట్, పోతాయి. ఫరెవర్."

గోడ మీద గుడివాళ్లిచ్చిన తెలుగు క్యాలెండరు ఉంది. అందులో గౌరీశంకర్ రాయని విషయం లేదు. ఫర్నేస్ ఫిల్టర్ మార్చింది, పళ్లడాక్టరు, పక్కింటివాళ్లకి నిచ్చెన ఇచ్చింది. రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక గడిలో, పెన్సిలుతో, సన్నగా: 'ఫొటోలు. 5.00.' సరోజ వేలితో గడులు లెక్క పెట్టింది. ఆస్పత్రి ల్యాబ్‌లో స్లైడు మీద కణాలు లెక్కబెట్టిన వేలది, లెక్క తప్పదు. ఇవాళ్టితో అరవై.

"సాయంత్రం అయిదింటికి, వాకింగ్‌కి పోయేముందు," అన్నాడాయన, అడక్కుండానే.

దియ కళ్లు పెద్దవయ్యాయి. "అంటే మనకి టూ అవర్స్ కూడా లేదు. అమ్మమ్మా, నీ పాత ఫోన్ ఏదీ?"

"తాతయ్య రీసైక్లింగ్ డబ్బాలో వేశారు. పోయిన నెల."

"వాట్? తాతా!"

"బ్యాటరీ ఉబ్బింది," అన్నాడు గౌరీశంకర్ కిటికీలోకి చూస్తూ.

సరోజ కొత్త ఫోన్లో ఆ అకౌంట్ తెరవబోయింది దియ. పాస్‌వర్డ్ సరోజకు గుర్తుంది, అడగ్గానే చెప్పింది. తర్వాత తెర మీద ఒక ముక్క వచ్చి కూర్చుంది. మీరు మీరేనని తెలియడానికి కోడ్ పంపుతాం, చివర నాలుగూ ఆరూ ఉన్న నంబర్‌కి.

అది సరోజ నంబరు కాదు. గౌరీశంకర్‌దీ కాదు.

"దామోదర్‌ది," అంది సరోజ.

ఈ దేశంలో సరోజ వాళ్ల వయసు తెలుగువాళ్ల ఇళ్లలో, వెతికితే ప్రతి ఇంటికీ ఒక దామోదర్ ఉంటాడు. టీవీ రిమోట్ దగ్గర్నుంచి టాక్స్ సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ అతనే పెట్టిస్తాడు. పెట్టించేటప్పుడు ఫోన్ నంబరు అడిగితే, వీళ్లు కళ్లజోడు వెతుక్కునేలోపు తన నంబరు కొట్టేస్తాడు. పని జరిగిపోతుంది, అందరూ కాఫీ తాగుతారు. అలా వీళ్ల పాస్‌వర్డ్‌లు అతని తలలోనూ, వీళ్ల కోడ్‌లు అతని జేబులోనూ ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. ఎవరికీ గుర్తుండదు, ఇలాంటి రోజు వచ్చేదాకా.

సరోజ ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. ఈసారి రెండో రింగుకే కట్ అయింది. ఆ వెంటనే మెసేజ్: 'మీటింగ్‌లో ఉన్న, ఆంటీ. ఆరింటికి చేస్తా.'

"ఆరింటికి అతను చేసేదేంటి, నా తద్దినమా?" అంటూ కారు తాళాలు అందుకుంది సరోజ.

"నేనెందుకు, ఇంట్లో ఉంటాలే. సాంబారు..." అన్నాడు గౌరీశంకర్.

"ఎక్కండి."

ఎక్కాడు. వెనక సీట్లో.

*

సరోజకు అరవై తొమ్మిది. డ్రైవింగ్‌లో ఆమెకు తొందర లేదని బంధువుల్లో పేరు. ఆ మధ్యాహ్నం ఆ పేరు పోయింది. పచ్చలైటు పసుపు అవుతుంటే దాటేసింది. పక్క కారు హారన్ కొడితే తనూ కొట్టింది. "అమ్మమ్మా, యూ ఆర్ సో కూల్," అని దియ సీటు బెల్టు గట్టిగా పట్టుకుంది.

అక్కడ స్కూల్ బస్ ఆగింది.

ఎర్రలైట్లు వెలిగాయి. పక్కనున్న ఆపు పలక చెయ్యి చాపినట్టు బయటికి వచ్చింది. దాన్ని చూసి ఆగనివాడు ఈ దేశంలో లేడు. పిల్లలు ఒక్కొక్కరే దిగారు. ఒకళ్లకు షూలేసు ఊడింది. ఒకళ్లు నీళ్ల సీసా మరిచిపోయి మళ్లీ ఎక్కారు. బస్సు కదిలింది. మూడిళ్లు దాటి మళ్లీ ఆగింది.

"ఎన్ని ఇళ్లున్నాయే ఈ వీధికి!" అంది సరోజ స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ.

దారి పొడుగునా బస్సు వెనకే. ఇంత గొడవలోనూ గౌరీశంకర్ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకో రోజైతే ఈ రోడ్డు వాలు సరిగా పోయలేదని రెండు మైళ్లు చెప్పేవాడు. సరోజ అద్దంలో ఒకసారి చూసింది. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు.

నాలుగూ ఇరవై రెండుకి దామోదర్ ఇంటి ముందు కారు ఆగింది.

గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. దామోదర్ మీటింగ్‌లో లేడు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, నెత్తిన హెల్మెట్‌తో, చెయిన్‌కి నూనె వేస్తున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, నిజామాబాద్ నుంచి వచ్చి ఇరవయ్యేళ్లు. కంపెనీలు మారినా కాంట్రాక్టు ఉద్యోగం మాత్రం మారలేదు. పొద్దునా సాయంత్రం ఈ ఊరి కొండదారుల్లో సైకిలు మీద తిరుగుతాడు. హ్యాండిల్‌కి మూడు గిన్నెల స్టీలు క్యారియర్ కట్టుకుని తిరిగే మనిషి ఈ ఊళ్లో అతనొక్కడే. అమెరికన్లు ఆగి దాని ఫొటో తీసుకుంటారు.

"ఏమైంది ఆంటీ, గిట్ల ఉరికొచ్చిండ్రు?" అన్నాడు. చేతిలో నూనె డబ్బా వంగి నేల మీద చుక్కలు పడుతున్నాయి. చూసుకోలేదు.

"మీటింగ్ అయిందా?"

"ఆ... ఇప్పుడే."

"మంచిది. నీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, చెప్పు."

"దేనికి ఆంటీ?"

"నా ముగ్గులకి. మీ అంకుల్ ఫోన్లో చెత్తబుట్టలో పారేశారు. అయిదింటికి ఆ బుట్ట కూడా ఖాళీ అవుతుంది."

దామోదర్ సరోజ వంక చూడలేదు. ఆమె భుజం మీదుగా కారు వైపు చూశాడు. గౌరీశంకర్ దిగాడు గానీ గరాజ్‌లోకి రాలేదు. కారు తలుపు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

"పోయినయి పోనీయండి ఆంటీ. మీరు రేపు ఇంకోటి వేస్తరు కదా," అన్నాడు దామోదర్ నవ్వబోతూ.

"నీ సైకిల్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చుగా, దానికి నూనె ఎందుకు పెడుతున్నావు? తియ్యి ఫోన్."

తీశాడు. దియ కోడ్ పంపమని నొక్కింది. అతని ఫోన్ టింగ్‌మంది.

"నాలుగు. తొమ్మిది. రెండు, రెండు. ఎనిమిది. అయిదు."

దియ కొట్టింది. తప్పు అంది తెర.

"ఇంకోసారి పంపమను." మళ్లీ టింగ్. మళ్లీ చదివాడు. మళ్లీ తప్పు.

"థర్డ్ టైమ్ తప్పయితే లాక్ చేస్తుంది, అంకుల్!" దియ తెర మీంచి వేలు తీసేసింది. "ట్వెంటీ ఫోర్ అవర్స్!"

సరోజ చెయ్యి చాచింది. "ఇటివ్వు."

"నా మీద నమ్మకం లేదా ఆంటీ?"

"నీ మీద ఉంది. నీ చదువు మీద లేదు. ఇవ్వు."

నలభయ్యేళ్లు ఆస్పత్రి ల్యాబ్‌లో సీసాల మీది లేబుళ్లు చదివిన కళ్లవి. ఒక అంకె తప్పితే ఒక మనిషి పోతాడని తెలిసిన కళ్లు. తెర మీద చివరి అంకె మూడు. అతను చదివింది అయిదు. దాని పైన ముందు వచ్చిన కోడ్ కూడా ఉంది. అందులో చివర ఏడు, దాన్నీ అయిదనే చదివాడు.

ఒకసారైతే పొరపాటు అనుకునేది. కానీ టైము నాలుగూ ముప్పై ఆరు. కొత్త కోడ్ తెప్పించి, తనే చదివింది. ఒక్కో అంకె, విడివిడిగా.

తెర తెరుచుకుంది.

*

"దొరికాయి! అమ్మమ్మా, ఆల్ దేర్! ఆల్ దేర్!"

దియ గెంతింది. చెత్తబుట్టలో మూడు వేల ఆరొందల పన్నెండు ముగ్గులు, గోరంత గోరంత బొమ్మలుగా, తెల్లగా, వరసగా. వడ్లు ఆరబోసినట్టు తెర నిండా పరుచుకున్నాయి. ఒక్కోదాని కింద, ఇంకా ఎంతసేపు బతుకుతుందో రాసి ఉంది. అన్నిటికీ ఒకటే మాట: ఈరోజు.

"2020 తియ్యి. అక్టోబరు. దసరా," అంది సరోజ.

దియ వేలితో కిందికి, కిందికి లాగింది. సంక్రాంతి రథాలు పోయాయి. ధనుర్మాసం గొబ్బెమ్మలు పోయాయి. మంచు పడ్డ రోజుల్లో గరాజ్ లోపల వేసిన చిన్న ముగ్గులు పోయాయి.

"ఆగు!"

ఆరు జింకలు.

"నొక్కు. వెనక్కి తీసుకో."

చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. సరోజకు తెలియకుండానే దియ మోచెయ్యి నొక్కేస్తోంది. చక్రం ఆగింది. ఫొటో చెత్తబుట్టలోంచి లేచి, వెలుతురులోకి వచ్చి నిలబడింది. కింద తేదీ: 2020, అక్టోబరు 23. ఉదయం ఏడూ నలభై ఒకటి.

సరోజ ఎడమ మూలకు జరిపి పెద్దది చేసింది. దిష్టి చుక్క ఉంది. పెట్టిన చోటే ఉంది. ఆరేళ్లుగా ఎవరికోసమో కాపలా కాసినట్టు ఒంటరిగా.

"అమ్మా," అంది సరోజ పైకే. గరాజ్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ పిలుపుకు తగినవాళ్లు కారు.

"గెలిచాం అమ్మమ్మా!" దియ ఆమెను వాటేసుకుంది. ఇద్దరూ ఆ నూనె మరకల మీద గుండ్రంగా తిరిగారు. "తాతా, కమ్! గెలిచాం!"

తాత రాలేదు.

"మిగతావి కూడా తియ్యవే, టైముంది," అంది సరోజ. దియ ఫొటోను సరోజ ఫోన్లో ఉంచి, తన ఫోన్లో ఇంకో కోడ్‌తో అదే అకౌంట్ తెరిచి, నెలకు నెల ఎంచి వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఏడాది వెనక ఏడాది, ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై, పంతొమ్మిది. నాలుగూ యాభై. "కమాన్, కమాన్," అని ఫోన్‌ని బతిమాలుతోంది. పద్దెనిమిది. పదిహేడు. నాలుగూ యాభై ఆరు.

సరోజ తన ముగ్గునే చూస్తోంది. ఆకలితో ఉన్నవాళ్లు కంచంలోకి చూసినట్టు. ఒక్కో జింకనూ తడిమింది. వెనక్కి చూసే జింక దగ్గర ఆగింది. అది ఏం చూస్తోంది? దాని చూపు పట్టుకుని ఫొటో పై అంచుకు పోయింది.

అక్కడ నీడ ఉంది.

ఆమెది కాదు. వాళ్ల ఇల్లు తూర్పు మొహం. ముగ్గు మీద తన నీడ పడకూడదని ఆమె ఎప్పుడూ గరాజ్ తలుపుకు వీపు ఆనించి, ఎండకు ఎదురుగా నిలబడి తీస్తుంది. తన నీడ వెనకే ఉంటుంది. ఇది వీధి వైపు నుంచి వచ్చిన నీడ. పొద్దుటి ఎండకు బారుగా సాగి, ముగ్గు అంచు దాకా పాకింది. ఒక మనిషి. తల గుండ్రంగా లేదు, ముందుకు పొడుచుకొచ్చిన హెల్మెట్. రెండు చేతులూ మొహం ముందుకెత్తి ఏదో పట్టుకున్నాడు, ఫొటో తీసేవాళ్లు పట్టుకున్నట్టు. పక్కన సైకిలు హ్యాండిల్. హ్యాండిల్‌కి వేలాడుతూ, ఒకదాని మీద ఒకటి, మూడు గిన్నెలు.

కోవిడ్ రోజులవి. ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కేవారు కాదు. దూరంగా, డ్రైవ్‌వే చివరే నిలబడి పలకరించి పోయేవారు. మాస్కు సర్దుకుంటూ, ఫోన్లోకి చూస్తూ ఉన్న సరోజ ఆ పొద్దున తల ఎత్తలేదు.

మెల్లగా కళ్లెత్తి గోడ వైపు చూసింది. మేకుకు క్యారియర్ వేలాడుతోంది.

"నో, నో, నో!" అని దియ అరిచింది. "ఫైవ్! అమ్మమ్మా, పోయాయి. ఫస్ట్ ఇయర్ మొత్తం పోయింది." దియ ఫోన్లో చెత్తబుట్ట తెల్లగా, ఉతికిన పంచెలా ఉంది. "సారీ, ఐ ట్రైడ్..."

"పోనీలే తల్లీ," అంది సరోజ. "కావలసింది దొరికింది."

తర్వాత అడిగింది, సైకిలు వైపు తిరిగి, మామూలుగా, ఉప్పు ఉందా అని అడిగినట్టు.

"దామూ, ఆ దసరాకి ఎక్కడున్నానన్నావు మొన్న?"

"డాలస్‌ల ఆంటీ. మా అన్న దగ్గర. చెప్పిన కదా, ఆ ముగ్గు నేను చూడనే లేదని."

సరోజ ఫోన్ అతని మొహం ముందు పట్టుకుంది. పై అంచు, పెద్దది చేసి. అతను చూశాడు. చూసి, తెలియకుండానే గోడ మీది మేకు వైపు తల తిప్పాడు. ఆ తిప్పడం చాలు.

దియ మధ్యలోంచి తొంగి చూసింది. "ఓ మై గాడ్. అంకుల్, దటీజ్ యువర్ క్యారియర్."

తలకిందులుగా ఉన్న సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది. టిక్ టిక్ టిక్.

నిధి అడిగినవి రెండు. తేదీ ఉన్న ఫొటో. ముగ్గు వాకిట్లోంచి ఎలా పోయిందన్న జవాబు. రెండూ ఒక్క బొమ్మలో ఉన్నాయి. ఒకటి ఇచ్చి రెండోది దాచడానికి లేదు. ఆ ఏడాదంతా ఆ మూడు గిన్నెల్లోనే పప్పూ, కూరా, పెరుగన్నం వచ్చాయి వాళ్లింటికి. గౌరీశంకర్ జ్వరంతో పడుకున్న పదకొండు రోజులూ, వానలోనూ వచ్చాయి. అదీ సరోజకు గుర్తుంది.

"నిధి ఆంటీకి పంపేయనా, అమ్మమ్మా?" దియ బొటనవేలు తెర మీద గాలిలో ఉంది.

సరోజ ఒక్క క్షణం జింకను చూసింది. మెడ తిప్పి వెనక్కి చూసే జింకను.

"పంపు," అంది.

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా."

దామోదర్ హెల్మెట్ తీశాడు. నుదుటి మీద దాని పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది. చేతులకున్న నూనె చొక్కాకే తుడుచుకున్నాడు. అతను దియను చూడలేదు. సరోజనూ చూడలేదు. ఆమె వెనక, కారు తలుపు పట్టుకుని, వచ్చినప్పటినుంచి ఒక్క అడుగు లోపలికి వెయ్యని మనిషిని చూస్తున్నాడు.

"అంకుల్," అన్నాడు. "ఆ పొద్దున నాకు ఫోన్ చేసి రమ్మన్నదెవరో, ఆ ఫొటో ఎవరికి పంపమన్నరో మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

సరోజ తిరిగి చూసింది.

ఎండలో నిలబడ్డ గౌరీశంకర్ కళ్లజోడు తీశాడు.